బీపీ, పెరుగు, పక్కన ఆవకాయ

షికాగోకి పడమటి దిక్కున, ఫాక్స్ నది పక్కన ఉన్న అరోరాను అమెరికా తెలుగువాళ్లు బాలాజీ గుడి పేరుతోనే గుర్తుపడతారు. ఆ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు పాలకూ పెరుగుకూ కొరత లేదు. ఫ్రిజ్‌లో గ్యాలన్ పాల క్యాను, పెద్ద పెరుగు డబ్బా మామూలే. వాటి పక్కనే ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ. బీపీ విషయంలో ఇవి రెండూ చెరో వైపు లాగుతాయి.

క్యాల్షియం అనగానే ఎముకలు గుర్తొస్తాయి. రక్తపోటుతో దానికి ముడిపెట్టి గట్టిగా మాట్లాడినవాడు ఆరెగాన్ వైద్యుడు డేవిడ్ మెకారన్. పది వేల మందికి పైగా అమెరికన్ల ఆహార వివరాలు తిరగేసి, బీపీ ఉన్నవాళ్లు మిగతావాళ్లకన్నా క్యాల్షియం తక్కువ తింటున్నారని 1984లో ‘సైన్స్’ పత్రికలో రాశాడు. ఉప్పునే దోషిగా చూస్తూ వచ్చిన వైద్యలోకం ఊరుకుంటుందా? వాదన రేగింది. 1988లో షికాగో వైద్యుడు జెరెమయా స్టామ్లర్ తదితరులు 32 దేశాల్లో చేసిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం ఉప్పును మళ్లీ ముందుకు తెచ్చింది.

అసలు తిరకాసు శరీరంలో ఉంది. తిండిలో క్యాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ హార్మోను పెరుగుతుంది. దాని ప్రభావంతో రక్తనాళాల కండర కణాల్లోకి క్యాల్షియం ఎక్కువగా చొరబడి, నాళం బిగుసుకుంటుందని శాస్త్రవేత్తల వివరణ. అంటే తక్కువ తింటేనే కణంలో ఎక్కువవుతుంది! బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్ర పనిచేసేదీ ఈ గుమ్మం దగ్గరే. కణంలోకి క్యాల్షియం పోకుండా అడ్డుపడుతుంది. అంతమాత్రాన ఆ మాత్ర వేసుకునేవాళ్లు పెరుగు మానక్కర్లేదు.

1997లో వెలువడిన డ్యాష్ అనే ఆహార ప్రయోగంలో 459 మందికి ఎనిమిది వారాలు వండిపెట్టి చూశారు. ఉప్పు అందరికీ ఒకే మోతాదు. పళ్లు, కూరగాయలు పెంచితే పై బీపీ 2.8 పాయింట్లు తగ్గింది. వాటికి తోడు వెన్న తీసిన పాలు, పెరుగు చేర్చి కొవ్వు తగ్గిస్తే 5.5 తగ్గింది. అప్పటికే బీపీ ఉన్నవాళ్లలో ఏకంగా 11.4! ఘనతంతా క్యాల్షియంకే కట్టబెట్టలేం. పొటాషియం, మెగ్నీషియం కూడా ఆ కంచంలోనే ఉన్నాయి. ఒట్టి క్యాల్షియం మాత్రలతో చేసిన ప్రయోగాల్లో తగ్గింది సగటున ఒకటి రెండు పాయింట్లే. 2001లో అదే భోజనంలో ఉప్పు కూడా తగ్గిస్తే ఫలితం ఇంకా మెరుగైంది. ఆవకాయ సంగతి అక్కడ తేలిపోయింది.

గర్భిణుల లెక్క వేరు. క్యాల్షియం తక్కువ తినే ప్రాంతాల్లో వాళ్లకు రోజుకు 1.5 నుంచి 2 గ్రాములు మాత్రల రూపంలో ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. గర్భంతో వచ్చే ప్రమాదకరమైన బీపీని అది తగ్గిస్తుంది.

మిగతా పెద్దల్లో చాలామందికి రోజుకు 1,000 మిల్లీగ్రాములు చాలంటుంది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. గ్లాసు పాలలో సుమారు 300 ఉంటుంది. వంద గ్రాముల రాగిపిండిలో 340 పైనే. తోటకూర, మునగాకు, నువ్వులు ఉండనే ఉన్నాయి. పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది. బీపీ కాస్త దిగిందని డాక్టరును అడగకుండా మాత్ర ఆపొద్దు, క్యాల్షియం బిళ్లలు సొంతంగా మొదలుపెట్టొద్దు.