మాటలకూ కరువా?

జలుబు చేసిన బిడ్డను ఎత్తుకుని ఒక జూలూ తల్లి వైద్యుడి దగ్గరకు వెళ్లిందనుకోండి. "ఈ మందు బాక్టీరియాకే గాని వైరస్‌కు పనిచేయదమ్మా" అని ఆయన ఏ మాటలతో చెప్పాలి? జూలూలో రెంటికీ వేరువేరు పేర్లు లేవు, అన్నీ క్రిములే!

ఆఫ్రికా పండితులు పరిశోధన చేయకపోలేదు. రాసినదాంట్లో చాలాభాగం ఇంగ్లీషులోనో, ఫ్రెంచిలోనో ఉండిపోయింది. 2018లో వెలసిన 'ఆఫ్రికార్కైవ్' ఆ పత్రాలను ఒకచోట చేర్చి ఉచితంగా చదువుకోనిచ్చింది. 2021లో 'మసఖానే' బృందంతో కలిసి 180 పత్రాలను జూలూ, యొరుబా, హౌసా మొదలైన ఆరు భాషల్లోకి తేవాలని పూనుకుంది. మసఖానే అంటే జూలూలో 'కలిసి కట్టుకుందాం' అని. ఎంత ముచ్చటైన పేరు!

కృత్రిమ మేధ ఉండగా మనుషులెందుకంటారా? దానికి నేర్పడానికి ఆ భాషల్లో శాస్త్రగ్రంథాలేవీ? ముందు అనువాదకులు మాటలు కూర్చాలి, వాటితో యంత్రానికి ఓనమాలు దిద్దించాలి.

కూర్చడం తేలికా? మనం 'ఆమ్లజని' అని అచ్చువేశాం; నా విద్యార్థులు ఆక్సిజన్ అనే అంటారు. మసఖానేవారు 30కి పైగా భాషలపై 2020లో ప్రకటించిన అనువాద పరిశోధనలో ఈ విద్యలో శిక్షణ లేనివారికీ చోటిచ్చారు. మాట నోటికి నప్పిందో లేదో చెప్పవలసింది వారే.