పది వేల కోట్ల సున్నా

సైబరాబాద్ ఉద్యోగిని జీతం కన్నా ముందు టీడీఎస్ పలకరిస్తుంది. తనకు ఎగ్గొట్టే దారి లేదు కాబట్టేనేమో, పెద్దవాళ్ల పన్ను కథలంటే చెవి కోసుకుంటాడు. మన ఊళ్లో వాటికి కొదవేం లేదు.

అన్నిటికన్నా పెద్ద అంకె 2016ది. ఆ సెప్టెంబరు 30తో ముగిసిన ఆదాయ వెల్లడి పథకంలో దేశమంతా కలిపి 65,250 కోట్లు బయటపడ్డాయని కేంద్రం మొదట ప్రకటించింది. అందులో హైదరాబాద్ మనిషి ఒక్కడే 10,000 కోట్లు చూపించాడని అప్పటి ఏపీ ముఖ్యమంత్రి చంద్రబాబు అన్నారు. ఇంకేముంది, అది ప్రతిపక్ష నేత జగనే అన్నట్టు తెలుగుదేశం నేతలు వేలు చూపారు. గోప్యంగా ఉండాల్సిన వివరం చంద్రబాబుకెలా తెలిసిందంటూ జగన్ ప్రధానికి లేఖ రాశారు. పథకం కింద పన్ను 45 శాతం. అందులో పావు వంతు నవంబరు 30లోగా కట్టాలి, అంటే వెయ్యి కోట్ల పైమాటే. గడువు దాటినా అది జమ కాలేదు. అధికారులు ఆ మొత్తం చూపినవాడి ఇంటికి సోదాకు వెళ్లి చూస్తే అంత సొమ్మే లేదు. రెండు పార్టీలూ జుట్టూ జుట్టూ పట్టుకున్నది దానికోసం!

సినిమావాళ్ల లెక్కలు దీని ముందు చిల్లరే. జనం కోపం మాత్రం వాటి మీదే ఎక్కువ. 2018 డిసెంబరులో హైదరాబాద్ జీఎస్టీ అధికారులు మహేశ్‌బాబు బ్యాంకు ఖాతాలు జప్తు చేశారు. 2007-08లో చేసిన ప్రకటనల మీద 18.5 లక్షల సేవా పన్ను, వడ్డీ జరిమానాలతో 73.5 లక్షలైందన్నారు. బ్రాండ్ అంబాసిడర్ సేవ పన్ను పరిధిలోకి వచ్చిందే 2010 జులై 1న అని ఆయన పక్షం వాదన. పన్నే పుట్టనినాడు ఎగవేత ఎలా పుడుతుందన్నది కొట్టిపారేయాల్సిన ప్రశ్నేం కాదు.

అదే నెలలో ఆయన భాగస్వామిగా కొండాపూర్‌లో ఏఎంబీ సినిమాస్ తెరుచుకుంది. 2019 జనవరి 1 నుంచి వంద దాటిన టికెట్టు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ తగ్గింపు ప్రేక్షకుడికి ఇవ్వలేదంటూ ఏఎంబీకి నోటీసు వచ్చింది. అధికారులు కట్టిన లెక్క 35.66 లక్షలు. సినిమా చూసి ఇంటికెళ్లినవాణ్ని ఎక్కడని వెతుకుతారు? మనిషి దొరకని అలాంటి సొమ్ము చట్టప్రకారం వినియోగదారుల సంక్షేమ నిధికి పోతుంది.

పన్ను మాఫీలో వింత మరొకటి. 2015లో దర్శకుడు గుణశేఖర్ సినిమా 'రుద్రమదేవి'కి తెలంగాణ వినోదపు పన్ను తీసేసింది, ఏపీ తీయలేదు. 2017 సంక్రాంతికి వచ్చిన 'గౌతమీపుత్ర శాతకర్ణి'కి రెండు ప్రభుత్వాలూ తీసేశాయి. హీరో బాలకృష్ణ హిందూపురం ఎమ్మెల్యే, ఏపీ ముఖ్యమంత్రికి బావమరిది, పైగా వియ్యంకుడు. నా పన్ను సంగతేమిటని గుణశేఖర్ లేఖ రాశారు. మాఫీ వచ్చినా టికెట్టు ధర దిగలేదన్న ఫిర్యాదు 2022లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

తలకిందుల రికార్డు మాత్రం సత్యం కంప్యూటర్స్‌ది. 2009 జనవరి 7న ఆ సంస్థ అధిపతి రామలింగరాజు ఒప్పుకున్న ప్రకారం, ఖాతాల్లో చూపిన 5,040 కోట్ల నగదు లేనేలేదు. అందరూ ఉన్న ఆదాయం దాస్తే, సత్యం లేని ఆదాయం చూపి పన్ను లెక్క వేసుకుంది. అదంతా ఉత్తుత్తి ఆదాయం, మళ్లీ లెక్కించండి మహాప్రభో అని కొత్త యాజమాన్యం మొరపెట్టుకుంటే, 2011లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) కుదరదు పొమ్మంది.