పక్షవాతం వస్తే నాడి ఎందుకు చూస్తారు?

దివిసీమ నుంచి ఒక తాతయ్యను పక్షవాతంతో విజయవాడ పెద్దాసుపత్రికి తెచ్చారనుకోండి. దెబ్బ తిన్నది మెదడు. మరి మానిటర్‌లో గుండె వేగం ఎందుకు చూస్తారు?

గుండె వేగాన్ని అదుపు చేసేది మెదడే. దానికి రక్తం అందకపోతే ఆ అదుపు తప్పవచ్చు. పెద్దవాళ్లకు విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం మామూలు. పక్షవాతం తర్వాత విశ్రాంతిలోనూ గుండె వేగంగా కొట్టుకునేవాళ్లు సగటున తక్కువగా కోలుకుంటున్నారని పరిశోధనల్లో తేలింది. అలాగని తప్పంతా వేగానిదే అనలేం. జ్వరమొచ్చినా, ఒంట్లో నీరు తగ్గినా నాడి పెరుగుతుంది. అందుకే డాక్టర్లు ముందు కారణం వెతుకుతారు.

లయ తప్పడం ఇంకా ప్రమాదం. గుండె పైగదులు సరిగా ముడుచుకోకుండా వణికితే లోపల రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే మళ్లీ పక్షవాతమే!

గడ్డను కరిగించే మందు సాధారణంగా పక్షవాతం మొదలైన 4.5 గంటల్లోపే ఇవ్వాలి. ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.