స్వాల్బార్డ్ తీరం: మంచు దీవుల్లో ఏ ప్రాణులుంటాయి, ఎంత దూరం నుంచి చూడాలి?

నార్వే ఉత్తర కొసకు, ఉత్తర ధ్రువానికి దాదాపు మధ్యలో స్వాల్బార్డ్ దీవులున్నాయి. ప్రధాన ఊరు లాంగ్‌ఇయర్‌బైన్ 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జనాభా రెండున్నర వేలకు అటూ ఇటూ. నేలలో సగానికి పైగా హిమానీనదాలే. మనిషి ఎత్తు చెట్టు ఒక్కటీ కనిపించదు. అయినా ఎండాకాలంలో ఇక్కడికి లక్షల పక్షులు వస్తాయి. ఒడ్డున వాల్రస్‌లు, ఊరి వీధుల పక్కనే రెయిన్‌డీర్‌లు కనిపిస్తాయి.

చదువుకో ఉద్యోగానికో యూరప్ వెళ్లిన పిల్లల దగ్గరికి పోయే కుటుంబాలు నార్వే యాత్రలో ఇక్కడిదాకా రావాలనుకుంటే ముందే ఒక సంగతి అర్థం చేసుకోవాలి. ఇక్కడి జంతువులకు ఒంట్లోని కొవ్వే ఆస్తి. కొద్ది నెలల్లో కూడబెట్టుకున్న దాంతో మిగతా ఏడాది నెట్టుకురావాలి. ఫొటో కోసం మనం దగ్గరికి వెళ్లి ఒక జంతువుని పరుగెత్తిస్తే, అది ఖర్చుపెట్టేది ఆ కూడబెట్టినదాన్నే. ఇక్కడి కఠినమైన చట్టాల వెనకున్న అసలు కారణం ఇదే.

ఇంత చలిలో తిండి ఎక్కడిది?

తిండంతా సముద్రంలోంచే వస్తుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే గోరువెచ్చని ప్రవాహం ఒకటి ఈ దీవుల పడమటి తీరం వెంట సాగుతుంది. వసంతంలో వెలుతురు రాగానే నీటిలోని సూక్ష్మ మొక్కలు ఒక్కసారిగా పెరుగుతాయి. వాటిని తిని బియ్యపు గింజంత ఉండే చిన్న జీవులు కొవ్వెక్కుతాయి. వాటిని చేపలు, పక్షులు తింటాయి. చేపల్ని సీల్‌లు, సీల్‌లను ధ్రువపు ఎలుగుబంట్లు తింటాయి.

నేల కూడా సముద్రం మీదే బతుకుతుంది. కొండచరియల మీద గూళ్లు కట్టుకున్న పక్షుల రెట్టలే కింది నేలకు ఎరువు. అందుకే చుట్టూ బోసిగా ఉన్నా పక్షుల కొండ కింద మాత్రం పచ్చగా ఉంటుంది. ఆ పచ్చికలో రెయిన్‌డీర్‌లు, బాతులు మేస్తాయి. పైనుంచి జారిపడే పిల్లల కోసం నక్క అక్కడే కాచుకుంటుంది.

పక్షులు: కొన్ని వారాల హడావిడి

లిటిల్ ఆక్ అనే చిన్న నలుపు-తెలుపు పక్షి ఇక్కడ పది లక్షల జతలకు పైగా గూడు కడుతుందని అంచనా. ఆల్కెఫ్యెల్లెట్ అనే నిట్టనిలువు కొండ మీద బ్రునిక్ గిల్లెమాట్ పక్షులు వేల సంఖ్యలో వరసగా నిలబడి ఉంటాయి. వీటి పిల్లలు మూడు వారాల వయసులో, ఎగరడం సరిగ్గా రాకముందే కొండ మీంచి సముద్రంలోకి దూకుతాయి. తండ్రి పక్షి వెంట వెళ్లి నీళ్లలో పెంచుతుంది. పడవ హారన్‌కో, కేకలకో పెద్ద పక్షులు ఒక్కసారిగా లేస్తే గుడ్లు, పిల్లలు కింద పడిపోతాయి. కాబట్టి కొండ దగ్గర గొంతు తగ్గించడం మర్యాద మాత్రమే కాదు, పిల్లల ప్రాణాల విషయం.

ఆర్కిటిక్ టెర్న్ బరువు వంద గ్రాములకు అటూ ఇటూ. అది ఏటా ఇక్కడి నుంచి భూగోళం రెండో కొసన ఉన్న అంటార్కిటికా దాకా వెళ్లి తిరిగొస్తుంది. గూడు నేల మీదే. దగ్గరికెళ్తే నెత్తిన పొడుస్తుంది. అలాంటప్పుడు చేతిలో కర్ర ఉంటే తలకన్నా పైకెత్తి పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి తగ్గాలి. కొందరు సహాబాలు ఒక పక్షి పిల్లల్ని పట్టుకొచ్చినప్పుడు, తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ తిరగడం చూసి దైవప్రవక్త (స) వాటిని తల్లికి తిరిగి ఇచ్చేయమన్నారని హదీసులో ఉంది. టెర్న్ దాడి చేస్తోందంటే అదీ అలాంటి తల్లి గోడే.

పిల్లలకు బాగా నచ్చేది ఈడర్ బాతు. లాంగ్‌ఇయర్‌బైన్ శివార్లలో స్లెడ్జ్ కుక్కలను కట్టేసే ఆవరణ పక్కనే ఇవి గుంపుగా గుడ్లు పెడతాయి. కుక్కలుంటే నక్క రాదు కదా! రోడ్డు మీద నిలబడే వీటిని చూడొచ్చు.

నేల మీద తిరిగేవి

స్వాల్బార్డ్ రెయిన్‌డీర్ పొట్టి కాళ్లు, గుండ్రటి ఒళ్లు ఉన్న ప్రత్యేక ఉపజాతి. వేటతో బాగా తగ్గిపోతే 1925లో రక్షణ కల్పించారు. ఇప్పుడు మళ్లీ వేలల్లో ఉన్నాయి. ఇక్కడ తోడేళ్లు లేవు కాబట్టి మనిషిని చూసి పెద్దగా బెదరవు. ఆ నమ్మకాన్ని అలుసుగా తీసుకోకూడదు. మేత ఆపి తలెత్తి చూస్తోందంటే మనం మరీ దగ్గరికి వచ్చేశామని అర్థం.

ఆర్కిటిక్ నక్క చలికాలంలో తెల్లగా, ఎండాకాలంలో గోధుమ రంగులో ఉంటుంది. ముద్దొచ్చేలా ఉన్నా తిండి పెట్టొద్దు, ముట్టుకోవద్దు. ఇక్కడి నక్కల్లో రేబిస్ ఉంది.

వాల్రస్: మళ్లీ తిరిగొచ్చిన జీవం

దంతాల కోసం, కొవ్వు కోసం మూడు శతాబ్దాల పాటు వేటాడి వాల్రస్‌లను దాదాపు తుడిచిపెట్టేశారు. 1952లో వేట నిషేధించారు. ఆ తర్వాత మెల్లగా కోలుకుని ఇప్పుడు వేలకు చేరాయి. ఒడ్డున ఒకదాని మీద ఒకటి పడుకుని కనిపిస్తాయి. అవి బద్ధకంతో పడుకున్నాయనుకోవద్దు. సముద్రం అడుగున ఆల్చిప్పలు వెతుక్కుని తిన్నాక అలసట తీర్చుకుంటున్నాయి. ఉలిక్కిపడి గుంపంతా నీళ్లలోకి పరుగెడితే చిన్న పిల్లలు నలిగిపోయే ప్రమాదం ఉంది. గాలి మన వైపు నుంచి వాటి మీదికి వీచకుండా గైడ్‌లు చూసుకుంటారు. వాళ్లు ఆగమన్న చోట ఆగాలి.

తీరం వెంట తెల్లటి బెలూగా తిమింగలాల గుంపులు కూడా కనిపించవచ్చు.

ధ్రువపు ఎలుగుబంటి: 300 మీటర్లు, 500 మీటర్లు

అందరూ చూడాలనుకునేది దీన్నే. 1973 నుంచి దీని వేట నిషేధం. ఏడాది పొడవునా ఈ దీవుల దగ్గరే ఉండేవి దాదాపు 300 అని అంచనా. వెంటపడటం, ఆశపెట్టి రప్పించడం, అలజడి కలిగించడం నేరం. 2025 జనవరి 1 నుంచి దూరం కూడా చట్టంలో రాశారు. మార్చి 1 నుంచి జూన్ 30 దాకా కనీసం 500 మీటర్లు, మిగతా కాలంలో 300 మీటర్లు.

వసంతంలో దూరం ఎందుకు ఎక్కువ? సీల్‌లు మంచు మీద పిల్లల్ని కనే కాలం అదే. ఎలుగు ఏడాది తిండిలో ఎక్కువ భాగం అప్పుడే సంపాదించుకోవాలి. సీల్ ఊపిరి కోసం పైకొచ్చే కన్నం దగ్గర అది గంటలు గంటలు కదలకుండా కాచుకుంటుంది. ఒక్క స్నోమొబైల్ చప్పుడుకు ఆ వేట చెడిపోవచ్చు. పిల్లలున్న తల్లి అయితే ఆ నష్టం పిల్లలదీ అవుతుంది.

మనుషుల భద్రత కూడా ఇందులోనే ఉంది. ఊరి బయటికి వెళ్లేవాళ్ల దగ్గర ఎలుగును బెదరగొట్టే సాధనం తప్పనిసరి. సందర్శకులు సొంతంగా తిరగకుండా ఆయుధం ఉన్న గైడ్‌తో వెళ్లడమే మంచిది.

ఉమ్రాకో హజ్‌కో వెళ్లొచ్చినవాళ్లకు ఈ నియమం కొత్తేమీ కాదు. హరమ్ హద్దుల్లో వేట జంతువును చంపడమే కాదు, దాని చోటు నుంచి తరమడం కూడా తగదు. ఆ అదబే ఇక్కడా పాటిస్తే సరిపోతుంది.

మంచు తగ్గుతోంది

ప్రపంచ సగటు కన్నా ఎన్నో రెట్లు వేగంగా ఇక్కడ వేడి పెరుగుతోంది. పడమటి తీరంలో ఒకప్పుడు గడ్డకట్టే సముద్రపు పాయల్లో కొన్ని ఇప్పుడు చాలా ఏళ్లు గడ్డకట్టడం లేదు. మంచు లేక సీల్‌లు దొరకనప్పుడు ఎలుగులు బాతుల గూళ్ల మీద పడి గుడ్లు తింటున్నాయి. చలికాలంలో మంచు మీద వాన పడి గట్టి పొరగా మారితే రెయిన్‌డీర్‌కు అడుగున ఉన్న మేత అందదు. అసలే కష్టంలో ఉన్న ప్రాణులకు మన వల్ల అదనపు భారం పడకూడదన్నదే కొత్త నియమాల సారాంశం.

వెళ్లే ముందు

కాలం: పక్షులు, వాల్రస్‌ల కోసం జూన్ చివరి నుంచి ఆగస్టు మొదటి దాకా మంచిది. మంచు, స్నోమొబైల్ యాత్రలకు మార్చి, ఏప్రిల్. అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడు కనిపించడు.

వీసా: మన దేశం 1920 నాటి స్వాల్బార్డ్ ఒప్పందంలో ఉంది. 2008 నుంచి అక్కడి నీ-ఓలెసున్‌లో 'హిమాద్రి' పరిశోధన కేంద్రం నడుపుతోంది. స్వాల్బార్డ్‌కు వీసా అక్కర్లేదు. కానీ అది షెంగెన్ బయట ఉంది, దారి మాత్రం నార్వే మీదుగానే. కాబట్టి భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు రెండుసార్లు ప్రవేశించే షెంగెన్ వీసా తీసుకోవాలి. ఒక్కసారి ప్రవేశానికే వీసా ఉంటే తిరుగు ప్రయాణంలో ఇబ్బంది పడతారు.

నమాజు: ఏప్రిల్ 20 ప్రాంతం నుంచి ఆగస్టు మూడో వారం దాటేదాకా సూర్యుడు అస్తమించడు. మగ్రిబ్, ఇషా, ఫజర్ ఎప్పుడన్నది అందాజు వేసుకోవాలి. రాత్రీ పగలూ వేరుగా ఉండే దగ్గరి ఊరి టైం పాటించమని కొందరు ఉలమా, మక్కా టైం పాటించమని మరికొందరు చెబుతారు. బయలుదేరే ముందే తెలిసిన ముఫ్తీని అడిగి ఒక టైం టేబుల్ రాసి పెట్టుకుంటే అక్కడ గందరగోళం ఉండదు.

తిండి: హోటళ్ల మెనూలో రెయిన్‌డీర్, సీల్, తిమింగలం మాంసం కూడా ఉంటాయి. అడిగి తెలుసుకోవాలి. చేపలు, శాకాహారం సులువైన దారి.

సామాను: మంచి బైనాక్యులర్, జూమ్ కెమెరా తప్పక పెట్టుకోండి. 500 మీటర్ల అవతలున్న ఎలుగుబంటిని కళ్ల నిండా చూడాలంటే దగ్గరికి వెళ్లాల్సింది మనం కాదు, లెన్స్.