బీటల వెంట నీరు

కార్తీకమాసపుటెండ మాస్తి పరిసరముల రాగిచేలపై వెచ్చగా పరచుకొనియున్న దినమున తూర్పుగా బయలుదేరి, కోలారు బంగారు గనుల ప్రాంతమును దాటి, పలమనేరు–కుప్పము మార్గమున కైగల్ గ్రామసమీపమున అడవిలోనికి మరలినవానికి, చెట్లమాటునుండి ముందుగా జలఘోషయే వినవచ్చును. పడమటికనుమల జలపాతములు శ్రావణమున ఉప్పొంగును. ఈశాన్య ఋతుపవనములు కూడ వర్షించు మన ప్రాంతమున ఈ దుముకురాళ్ళ జలపాతమును చూడదగిన కాలము శరత్తు చివరిదినములే. సుమారు 40 అడుగుల ఎత్తునుండి దుమికిన యీ నీరు తుదకు పాలారులో కలియును.

నీరు శిలను కోసి జలపాతమును సృష్టించునని సామాన్యముగా చెప్పుదురు. నయాగరా విషయమున ఈ మాట చాలవరకు సత్యము: అచ్చట గట్టి డోలమైట్ పొర క్రిందనున్న మెత్తని షేల్‌ను నీరు తొలిచివేయగా, ఆధారము తప్పిన పైపొర విరిగిపడుచు, జలపాతము దాదాపు 12,000 సంవత్సరములలో 11 కిలోమీటర్లు వెనుకకు జరిగినది. కైగల్ బండలలో అట్టి మెత్తని పొర లేదు. ఇవి భూగర్భమున తీవ్రమైన వేడిమికిని ఒత్తిడికిని లోనైన గ్రానైట్ జాతి నైస్ శిలలు. ఈ ప్రాంతపు నైస్ వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరములు.

ఇట్టి కఠినశిలయందు నీటికి దారిచూపునవి బీటలే. లోతున పుట్టిన శిల, తనపైనున్న రాతిభారము యుగయుగములుగా క్షయించి తొలగిపోగా, ఒత్తిడి సడలి వ్యాకోచించి, భూతలమునకు ఇంచుమించు సమాంతరముగా పలకలుగా విడిపోవును. భూచలనములవలన కలిగిన నిలువుబీటలు ఆ పలకలను ఖండించును. అందు దిగిన వాననీరు, గాలినుండియు మట్టినుండియు గ్రహించిన బొగ్గుపులుసు వాయువుచే కొంచెము పులిసినదై, ఫెల్డ్‌స్పార్‌ను మెల్లమెల్లగా బంకమన్నుగా మార్చును. పలుగురాయి మాత్రము దాదాపు చెక్కుచెదరక ఇసుకయై విడివడును. పట్టుసడలిన దిమ్మలు వరదలలో దొర్లిపోగా మిగిలిన నిలువుగోడపైనుండి ఏరు దుముకును. బండలపై కనబడు గుండ్రని గుంటలు, సుడిలో చిక్కిన రాళ్ళు కవ్వమువలె ఒకేచోట తిరిగి తొలిచినవి.

జలపాతమును, బంగారు గనిని ఒక్కచోట చేర్చి చెప్పువారు అరుదు. చేర్చుటయే ఉచితమని నా అభిప్రాయము. ఉత్తరదక్షిణములుగా దాదాపు 80 కిలోమీటర్లు సాగిన కోలారు షిస్ట్ శిలల పట్టీలోని బంగారమునకును బీటలే కారణము: వానివెంట ప్రవహించిన ఉష్ణజలములు పలుగుతోపాటు పసిడిని నిక్షేపించినవి. ఆ పలుగుచారల వెంటనే 1880 నుండి జాన్ టేలర్ సంస్థ తవ్వకము సాగించెను. 2001లో మూతపడునాటికి గనులు మూడు కిలోమీటర్లకు మించి లోతునకు దిగియుండెను.

కైగల్ వెళ్ళువారు జలపాతము దిగువ గుండము అంచున గుప్పెడు ఇసుకను ఎండలో పరికింపవలెను. చదునైన ముఖములతో మెరయు ఫెల్డ్‌స్పార్ తునకలు పలుగురేణువుల నడుమ ఇంకను మిగిలియున్నచో, ఆ ఇసుక తల్లిబండను విడిచి దూరము పోలేదని గ్రహింపవచ్చును.