పసిబిడ్డలకు రక్తపు క్యాన్సరు ఏల వచ్చును?

ఎముకల మజ్జలో తెల్లరక్తకణములు పరిపక్వము కాకయే అదుపుతప్పి పెరుగుట ల్యుకేమియా. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి తప్పువలనను రాదు. తోటి బాలునికి వచ్చినచో భయపడక చెంతఁ గూర్చుండుఁడు. బాలలలో తఱచుగా కనవచ్చు లింఫోబ్లాస్టిక్ భేదమునకు మూలమేమని దశాబ్దములు శోధించిన లండను శాస్త్రజ్ఞుఁడు మెల్ గ్రీవ్స్ 2018లో వివరించిన ప్రకారము, మొదటి జన్యుదోషము శిశువు తల్లిగర్భమున నున్నపుడే పుట్టును. కాని అట్టి దోషముతో జన్మించిన నూర్గురిలో ఇంచుమించు ఒక్కరికే వ్యాధి వచ్చును, ఏలనన దానికి రెండవ దోషము తోడు కావలెను. తొలియేట సూక్ష్మజీవుల పరిచయము కొఱవడిన బిడ్డకు తరువాత సామాన్యమైన అంటురోగము సోకినపుడు, శిక్షణ లేని సైన్యమువలె రోగనిరోధకశక్తి విపరీతముగా చెలరేఁగి ఆ దోషమును కలిగించునని ఆయన వాదము. ఇంకను నిరూపితము కాకున్నను, శైశవముననే నిరపాయమైన సూక్ష్మజీవులను అలవాటు చేసి ఈ వ్యాధిని నివారింపవచ్చునా యను పరిశోధన సాగుచున్నది.