బీరువాలోని భాండాగారము

మీర్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్‌కు పోవు దారిలో ఒకానొక కాలమున నాలుగడుగులకొక సీడీల దుకాణము ఉండెడిదని చెప్పినచో నేటి బడిపిల్లలు నమ్మజాలరు. వీసీడీలను పలుచని ప్లాస్టిక్ తొడుగులలో నుంచి గోడపొడవునా వరుసగా అమర్చి, గళ్ల పుస్తకములో పేరును ఇంటి నంబరును వ్రాసికొని, రోజుకింత అని అద్దెకిచ్చిన ఆ దుకాణములలో కొన్ని మొబైల్ రీచార్జి దుకాణములై, కొన్ని కర్రీ పాయింట్లై, మిగిలినవి ఆనవాలైన లేక మాయమైనవి. వానిని తలచి వగచుట ఈ వ్యాసమున నా ఉద్దేశము కాదు. ఆ దుకాణములు మూతపడినపుడు బస్తాల లెక్కన అమ్ముడుపోగా మిగిలినవియు, మన ఇండ్లలో బీరువా అడుగు అరలలో దుమ్ముపట్టి యున్నవియు అగు ఆ డిస్కులు, ముఖ్యముగా టీవీ సీరియళ్లవి, కార్టూన్లవి, ఒక తరము బాల్యమునకు మిగిలిన ప్రత్యక్ష సాక్ష్యములనియు, వానిని తెలివితో ఏరి కూర్చుకొనుట గృహస్థునకు తగిన పని యనియు చెప్పుటయే నా ఉద్దేశము.

చలనచిత్రమునకు పునర్దర్శన భాగ్యము కలదు. మంచి చిత్రమైనచో పదేండ్లకైనను ఏదో ఒక థియేటరునకు మరల వచ్చును. నవల పునర్ముద్రణము పొందును. నాటకమును వేరొక సమాజము వారు తిరిగి ఆడుదురు. టీవీ కార్యక్రమమునకు చిరకాలము ఈ భాగ్యము లేకుండెను. 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము ప్రసారములు ఆరంభించిన పిదప, ఇంటింటికి వీసీఆర్ గాని సీడీ ప్లేయరు గాని రాని ఆ సంవత్సరములలో, తెరపై కనబడినది కనబడినట్లే కరగిపోవుచుండెను. 1987 జనవరి 25న మొదలై మరుసటి సంవత్సరము జులై 31 వరకు సాగిన రామానంద్ సాగర్ రామాయణమును గాని, 1988 అక్టోబరు 2న మొదలై 94 భాగములుగా 1990 జూన్ 24 వరకు నడచిన బి.ఆర్. చోప్రా మహాభారతమును గాని, ఊరికి పోయియో కరెంటు పోయియో ఒక ఆదివారము చూడలేకపోయిన వాడు, చూచిన వారిని అడిగి కథ తెలిసికొనుట తప్ప వేరు గతి లేదు.

ఇది మన దేశమునకే పరిమితమైన దుస్థితి కాదు. బీబీసీ వంటి మహాసంస్థ సైతము 1960, 1970 దశకములలో పాత టేపులను చెరిపి వానిపైననే కొత్త కార్యక్రమములను ఎక్కించుటచేత, డాక్టర్ హూ అను సుప్రసిద్ధ ధారావాహికలో తొలినాళ్ల భాగములు అనేకము నేటికిని దొరకలేదు. దొరకిన వానిలో కొన్ని ప్రైవేటు సేకర్తల ఇండ్లలోను, కొన్ని విదేశీ ప్రసార కేంద్రముల గిడ్డంగులలోను బయటపడినవే. ప్రసారము చేసిన వారు పోగొట్టుకొన్న దానిని చూచిన వారు కాపాడిన ఈ ఉదాహరణము నాకు మిక్కిలి ధైర్యము నిచ్చును. సామాన్యుని సేకరణకు విలువ ఏమున్నదని అడుగువారికి నేను చెప్పు సమాధానము ఇదియే.

ఇక డిస్కును గూర్చి కొంత తెలిసికొనవలెను. అచ్చు వేసిన డీవీడీని ఒకదానిని, ఇంటిలోని కంప్యూటరుపై వ్రాసికొన్న డీవీడీని ఒకదానిని కిటికీ వెలుగునకు ఎత్తి ప్రక్కప్రక్కన చూడుడు. రెండును 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందము గలవియే. మొదటిదాని అడుగుభాగము వెండివలె మెరయుచుండగా, రెండవది ఊదాఛాయను చూపును; అంతేకాక, నడిమి రంధ్రము వైపు నుండి వెలుపలి అంచు వైపునకు ఎంతమేర వ్రాత నిండినదో అంతమేర రంగు కొంచెము మారి, ఒక సన్నని వలయాకారపు సరిహద్దు స్పష్టముగా కనబడును. ఏలయనగా డిస్కులో సమాచారము లోపలి నుండి వెలుపలికి చుట్లు చుట్లుగా సాగును. అచ్చు డిస్కులో ఆ సమాచారము కంటికానని గుంటల రూపమున శాశ్వతముగా ఒత్తబడి యుండును. ఇంట వ్రాసినదానిలోనో, లేజరు వేడికి మారిన ఒక పలుచని రంగుపూత మాత్రమే దానికి ఆధారము. ఆ పూత ఎండకును వేడికిని క్రమముగా చెడును. కావున ఇంట వ్రాసికొన్న డిస్కులను ముందు కాపాడవలెను. అచ్చు డిస్కులు కొంతకాలము ఆగగలవు.

వీసీడీ నాణ్యము తక్కువ. దానిలోని చిత్రము 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు మాత్రమే. ఒక్కొక్కదానిలో 74 నిమిషములకు కొంచెము మించి పట్టదు గనుకనే రెండున్నర గంటల తెలుగు సినిమా రెండు మూడు డిస్కులుగా వచ్చెడిది; సరిగా పోరాట ఘట్టము నడుచుచుండగా లేచి డిస్కు మార్చవలసి వచ్చెడిది. డీవీడీలో 4.7 గిగాబైట్లు పట్టును, చిత్రము 720 చుక్కల వెడల్పునకు 576 చుక్కల ఎత్తు. 2006లో వచ్చిన బ్లూ-రే నీలి ఊదా లేజరుచేత 25 గిగాబైట్లు చదువును. అయినను, పాత టీవీ కార్యక్రమములు ఎక్కువగా వీడియో టేపుపై తీసినవే యగుటచేత వానికి డీవీడీయే చాలును. పాత కార్టూన్లు ఫిల్ముపై చిత్రించినవి కావున బ్లూ-రేలో గీత గీతయు, రంగు పొరయు కొత్తగా కనబడును.

మన ఇండ్లకు డిస్కులు ఇంత విరివిగా వచ్చుటకు కారణము ధర. ఖాళీ డిస్కుల తయారీలో ప్రపంచ ప్రసిద్ధి గాంచిన మోజర్ బేర్ సంస్థ 2007 ప్రాంతమున వినోద రంగమున దిగి, వీసీడీని 28 రూపాయలకును డీవీడీని 34 రూపాయలకును అమ్ముట మొదలిడగా, అంతవరకు వందల రూపాయలు పెట్టలేక అద్దెకో దొంగ ప్రతులకో అలవాటుపడిన మధ్యతరగతి వారు కిరాణా దుకాణములో సబ్బు కొన్నట్లు డిస్కును కొనజొచ్చిరి. దొంగ ప్రతిని కేవలము నీతిబోధచేత గాక ధరచేత ఓడింపజూచిన ఆ ప్రయత్నము నాకు గౌరవనీయముగా తోచును. ఆ సంస్థ 2018లో దివాలా ప్రక్రియలో మూసివేతకు వచ్చెను. దాని పలుచని కాగితపు పొట్లపు డిస్కులు మాత్రము నేటికిని పాత సామానుల బజారులలో దొరకుచున్నవి.

కార్టూన్ల విషయమున సేకర్త మరింత జాగరూకుడై యుండవలెను. టామ్ అండ్ జెర్రీ అని పైన వ్రాసినంత మాత్రమున అన్నియు ఒకటి కావు. 1940 నుండి 1958 వరకు ఎంజీఎం సంస్థలో విలియం హన్నా, జోసెఫ్ బార్బెరాలు రూపొందించిన 114 లఘుచిత్రములు ఒక శ్రేణి. వానిలో 7 ఆస్కారు పురస్కారములు పొందినవి. తరువాత జీన్ డైచ్ ప్రాగ్ నగరమున తీసిన 13, ఆపై చక్ జోన్స్ తీసిన 34 వేరు చేతులు, వేరు లయలు. పిల్లలకు ఆ భేదము పట్టదు గాని, పెద్దవాడు డిస్కు కొనునపుడు కవరుపై దర్శకుల పేర్లను చదువవలెను. 2013లో ఆ తొలి శ్రేణి నుండి రెండవ సంపుటమును విడుదల చేయనున్నామని అమెరికాలో ప్రకటించి, అందు మౌస్ క్లీనింగ్, కాసనోవా క్యాట్ అను రెండింటిని జాతివివక్షను స్ఫురింపజేయు దృశ్యములున్నవని వదలివేయగా, సేకర్తలు అభ్యంతరపెట్టిరి. ఆ సంపుటము వెలువడక నిలిచిపోయెను. ఆ దృశ్యములు నేడు నొప్పించునవే, సందేహము లేదు. అయినను చరిత్రను ముందుమాటతో చూపవలెను గాని కత్తిరించి దాచరాదని నా అభిప్రాయము.

మన తెలుగువారికి వేరొక చిక్కు కలదు. మనము ప్రేమించినది తరచుగా బొమ్మను మాత్రమే కాదు, దానికి తొడిగిన గొంతును. జపానులో నిప్పన్ యానిమేషన్ వారు 52 భాగములుగా నిర్మించిన జంగిల్ బుక్ 1990 దశకము తొలినాళ్లలో దూరదర్శనలో హిందీలో వచ్చినపుడు, షేర్ ఖాన్‌కు నానా పాటేకర్ ఇచ్చిన గొంతు మన పిల్లలకు హిందీ పాఠముగా కూడ పనిచేసెను. విదేశము నుండి తెప్పించిన డిస్కులో ఆ గొంతు లేనిచో మనకు కావలసినది సగమే దొరకినట్లు. యూగో సాకో, రామ్ మోహన్‌లు కలిసి తీసిన ఇండో-జపనీస్ రామాయణమునే చూడుడు. 2025 జనవరిలో అది నూతన స్పష్టతతో, తెలుగు అనువాదముతో సహా మన థియేటర్లకు వచ్చి మిక్కిలి సంతోషము కలిగించెను; కాని అందలి హిందీ ధ్వని కొత్తది. రామునికి అరుణ్ గోవిల్, రావణునికి అమ్రిష్ పురి చెప్పిన పాత మాటలు కావలెనన్నచో పాత ప్రతులనే వెదకవలెను.

తెలుగు టీవీ కృషిలో డిస్కులపైకి ఎక్కినది స్వల్పము. సినిమాలను వోల్గా వీడియో, శ్రీ బాలాజీ వీడియో వంటి సంస్థలు విరివిగా విడుదల చేసినవి గాని, సీరియళ్లను పట్టించుకొన్నవారు అరుదు. 2001 నవంబరు 18న జెమినీ టీవీలో మొదలై ఆరేండ్లపాటు 313 ఆదివారములు ఇండ్లను నవ్వించిన గుణ్ణం గంగరాజు అమృతమును తలచుకొనుడు. అందు అమృతము పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ఒకరి తరువాత ఒకరు ధరించగా, ఆంజనేయులుగా గుండు హనుమంతరావు చివరిదాక నిలిచెను. భాగమునకు ఇరువది నిమిషములనుకొన్నను మొత్తము నూరు గంటలకు మించును. డీవీడీకి రెండు గంటలుగా పెట్టినచో 50కి పైగా డిస్కులు కావలెను. ఆ కాలమున కంప్యూటరునకు టీవీ ట్యూనర్ కార్డు తగిలించి, ఆదివారము రాత్రి రికార్డు చేసి, నీరో సాఫ్ట్‌వేరుతో బర్న్ చేసి, పైన స్కెచ్ పెన్నుతో తారీకు వ్రాసి పెట్టుకొన్న యువకులు మా ప్రాంతమున కలరు. సొంతమునకు చూచుకొనుటకు చేసికొన్న ఆ ప్రతి వేరు, అచ్చుగ్రుద్ది అమ్ముకొనుట వేరు, రెండవది నేరము. తరువాత అమృతము భాగములు యూట్యూబులోనికి వచ్చినవి. అంతటి అదృష్టము పట్టని కార్యక్రమములే ఎక్కువ.

కార్టూన్లలో మాత్రము హైదరాబాదు గర్వింపదగిన కార్యము చేసినది. 2001లో రాజీవ్ చిలక ఇచట స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ నుండి 2008లో పోగో ఛానెల్‌లో అడుగిడిన ఛోటా భీమ్ దేశమంతట పిల్లల చేత లడ్డూ పేరు జపింపజేసెను. ఆ సంస్థ తన దుకాణములలో చొక్కాలు, సంచులతో పాటు డీవీడీలను కూడ అమ్మెను. ఎవరి ఇంటనైన అవి ఉన్నచో పిల్లలు పెద్దవారైరని పారవేయవలదు.

భద్రపరచుట కష్టము కాదు. డిస్కును అంచులతో పట్టుకొనవలెను, నిలువుగా నిలుపవలెను, మెత్తని బట్టతో నడిమి నుండి అంచునకు తిన్నగా తుడువవలెను గాని గుండ్రముగా రుద్దరాదు. పశ్చిమపు ఎండ తగులు గోడనానుకొన్న ఇనుప బీరువా మే నెలలో దీనికి శత్రువు. సీడీల పైభాగమున మెరుపుపొర లేబులు క్రిందనే యుండును గనుక అడుగు గీతకంటె పై గీత ప్రమాదకరము. 2020 అక్టోబరు వానలకు మీర్‌పేట చెరువులు పొంగి చుట్టుపట్ల కాలనీలు నీటమునిగినపుడు మా ప్రాంతము వారికి ఇంకొక సంగతి తెలిసినది. నీరు దిగిన తరువాత వీడియో కేసెట్లు బూజుపట్టి పనికిరాకపోగా, బురద పట్టిన అచ్చు డిస్కులను మంచినీటితో కడిగి నీడన ఆరబెట్టిన వారికి అవి మరల ఆడినవి. కవరు బొమ్మలు మాత్రము ఒకదానికొకటి అంటుకొని చినిగినవి. అందుచేత క్రింది అంతస్తువారు కేసెట్లను, హార్డ్ డిస్కులను పై అరలో ఉంచుట మేలు.

అన్నియు ఫోనులో దొరకుచుండగా ఈ శ్రమ యేల అందురా? ఫోనులో దొరకునది ఒప్పందమున్నంత వరకు దొరకును. ఒప్పందము తీరిననాడు చెప్పకయే పోవును. 1998 నుండి డిస్కులను తపాలాలో పంపి పెరిగిన నెట్‌ఫ్లిక్స్ సంస్థయే 2023 సెప్టెంబరు 29న ఆ సేవను నిలిపివేసెను. ప్లేయర్లు తయారు చేయువారును తగ్గుచున్నారు. కావున పనిచేయు ప్లేయరు నొకదానిని జాగ్రత్త చేసికొని, ఇంట వ్రాసిన డిస్కులను ఈ వేసవి రాకముందే రెండు హార్డ్ డిస్కులపైకి ఎక్కించి, ఒక దానిని వేరొక ఇంట నుంచుడు. ఎక్కించునపుడు నడుమ వచ్చు వాణిజ్య ప్రకటనలను, అడుగున పరుగెత్తు వార్తల పట్టీని, ఛానెల్ గుర్తును కోసివేయకుడు. సీరియలు ఎపుడైన ఎచటనైన మరల దొరకవచ్చును. ఆ రాత్రి దాని నడుమ వచ్చిన చీరల దుకాణపు ప్రకటనయు, మరునాటి వాన కబురును మీ డిస్కులో తప్ప మరెచటను లేకపోవచ్చును.